'ముందు' అనబోయి 'తర్వాత' అన్నందుకు 4,500 రూపాయలు: ప్రభుత్వ రంగ బ్యాంకుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

ప్రభుత్వ రంగ బ్యాంకుల ఛైర్మన్లకు, మేనేజింగ్ డైరెక్టర్లకు, సిబ్బంది నియామకాలూ శిక్షణా చూసే అధికారులకు,

నమస్కారం.

నేను 34 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. క్లర్కుగా చేరి, ఆఫీసరునై, మేనేజరుగా పదవీ విరమణ చేశాను. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను. బ్యాంకు పని తెలిసినవాడినని రోజూ ఎవరో ఒకరు పాస్‌బుక్కో నోటీసో పట్టుకుని మా అరుగు మీదికొస్తారు. వాళ్ళ కాగితాలు చూసి ఉండబట్టలేక, రెండేళ్ళలో మూడు ఉత్తరాలు మా ఊరివాళ్ళు పోయే బ్యాంకు ప్రాంతీయ కార్యాలయానికి రాశాను. మొదటిదానికి ఫిర్యాదు అందిందని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. మిగతా రెంటికీ అదీ లేదు. బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క బ్యాంకు సంగతి కాదు. మా అరుగు మీదికొచ్చే పాస్‌బుక్కుల మీద నాలుగైదు బ్యాంకుల పేర్లుంటాయి, కష్టం మాత్రం ఒకటే.

పల్లె బ్రాంచీల్లో అప్పు ఇచ్చే కుర్చీలో కూర్చున్న ఆఫీసరు మాట ఊరికి తెలియడం లేదు. ఊరి మాట ఆయనకు తెలియడం లేదు. మధ్యలో నష్టపోతున్నది రైతూ, కూలీ, ఒంటరి ఆడమనిషీ. దీన్ని మీరు "కస్టమర్ సర్వీసు" కింద, అంటే మర్యాదకు సంబంధించిన విషయంగా చూస్తున్నారు. ఇది డబ్బుకు సంబంధించిన విషయమని చెప్పడానికే ఈ లేఖ.

ముందుగా ఒక్క సంగతి కాస్త వివరంగా చెబుతాను.

మా వీధిలో ఒకామె ఉంది. భర్త పోయాడు. ఐదెకరాల మెట్ట. వేరుశనగ పంటకు, మేం బుడ్డలంటాం, లక్షన్నర రూపాయల కిసాన్ క్రెడిట్ కార్డు లోను ఉంది. గడువు జూన్ 17. పోయిన ఏడాది మే నెలలో చింతపండు అమ్మిన డబ్బు చేతికి రాగానే బ్యాంకుకు పోయింది. ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో కనుక్కుందామని. లోన్ల ఆఫీసరు ఉత్తరాది నుంచి వచ్చిన పాతికేళ్ళ కుర్రాడు, చేరి నాలుగు నెలలైంది. కంప్యూటర్లో చూసి, తనకొచ్చిన తెలుగులో ఆమెకు చెప్పాడు: "జూన్ పదిహేడు తర్వాత రండి."

"సరే సార్" అని వచ్చేసింది. జూన్ 25న, అసలుకు తక్కువైనంత చేబదులు తీసుకుని, మొత్తం డబ్బు కొంగున కట్టుకుని పోయింది. గడువు దాటిందన్నారు.

ఆమె ఏడుస్తూ నా దగ్గరికొస్తే మర్నాడు తీసుకుని వెళ్ళాను. ఆ అబ్బాయి నన్ను కూర్చోబెట్టి, "సార్, నేను పదిహేడుకు ముందే రమ్మన్నాను" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఏ మాట అన్నావు బాబూ అని అడిగితే సొరుగులోంచి చిన్న డైరీ తీశాడు. అందులో దేవనాగరిలో తెలుగు మాటలు, పక్కన హిందీ అర్థాలు, తన చేత్తో రాసుకున్నవి. రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకుంటున్నాడట. "తర్వాత" అన్న మాటకు ఎదురుగా "పహలే" అని ఉంది. దాని కిందే "ముందు", దాని పక్కన "బాద్ మే". రెండు మాటలూ తారుమారయ్యాయి. నేను వేలు పెట్టి చూపిస్తే ఆ పిల్లాడి ముఖం పాలిపోయింది. ఆ డబ్బు తానే కడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "నీకేం తెల్సు నాయనా, పరాయి ఊరోనివి" అంది.

ఆ మాట పొరపాటు ఖరీదెంతో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా మామూలు పాఠకుల కోసం చెబుతాను. మూడు లక్షల వరకు పంట రుణానికి వడ్డీ ఏడాదికి 7 శాతం. గడువులోగా కట్టినవారికి 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. లక్షన్నర మీద ఏడాదికి ఆ తేడా 4,500 రూపాయలు. మా ఊళ్ళో ఆడకూలి రోజుకు 300 అనుకుంటే పదిహేను రోజుల పని. గడువు దాటిన నాటి నుంచి 7 శాతం అన్న రాయితీ వడ్డీ కూడా ఉండదు గనుక ఆ ఎనిమిది రోజుల వడ్డీ ఇంకా ఎక్కువ. డబ్బు చేతిలో పెట్టుకుని, నెలరోజుల ముందే బ్యాంకు గడప తొక్కిన మనిషికి ఈ నష్టం జరిగింది.

ఇందులో ఆమె తప్పేముంది? ఆ అబ్బాయిది మాత్రం ఎంత తప్పు? ఎవరూ నేర్పకుండా, సొంత డైరీతో అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టినవారు మీరు.

ఇది హిందీ మాట్లాడేవారి మీద ఫిర్యాదు కాదని ఇక్కడే స్పష్టంగా రాస్తున్నాను. కౌంటరు దగ్గర భాష పేరుతో ఉద్యోగుల మీద అరిచి, సెల్‌ఫోన్‌లో తీసి నలుగురికీ పంపేవారిని నేను సమర్థించను. అలా అరిచినందువల్ల ఏ రైతుకూ ఒక్క రూపాయి తిరిగి రాలేదు. నా ప్రశ్న ఉద్యోగికి కాదు, మీకు.

ఊళ్ళో ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. వడ్డీ లెక్క. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మా దగ్గర వడ్డీని ఎవరూ శాతాల్లో చెప్పరు. నూటికి నెలకు ఎన్ని రూపాయలని చెబుతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ఐదు రూపాయల వడ్డీ అంటే కొంప ముంచేదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక గొర్రెల కాపరి 50 వేలు కావాలని బ్యాంకుకు పోయాడు. పశుపోషణకూ కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది గనుక అతనికి అర్హత ఉంది. వడ్డీ ఎంత సార్ అని అడిగాడు. ఆఫీసరు తెలుగు అంకెలు నేర్చుకున్నాయనే. "ఏడు" అన్నాడు, ఏడు వేళ్ళు చూపించాడు కూడా. ఏడు రూపాయల వడ్డీ అనుకుని ఆ కాపరి దండం పెట్టి బయటికొచ్చేశాడు. ఊళ్ళో రెండు రూపాయలకు తెచ్చుకున్నాడు. బ్యాంకులో అయితే ఏడాదికి 3,500 కట్టేవాడు, బయట 12,000 కట్టాడు. బ్యాంకు వడ్డీ నూటికి నెలకు 58 పైసలని ఒక్కరు చెప్పి ఉంటే చాలు.

ఆ ఆఫీసరుకు భాష రాలేదనలేం. అంకె సరిగ్గానే చెప్పాడు. ఊరి లెక్క ఒకటుందని ఆయనకెవరూ చెప్పలేదు. ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా మహిళలకు 3 శాతం వడ్డీ పథకం పెట్టినప్పుడు దానికి "పావలా వడ్డీ" అని పేరుపెట్టారు. ఏ వివరణా లేకుండా ఊరూరా అర్థమైంది. నూటికి నెలకు పావలా. ఆ పేరు పెట్టినవారికి ఊరి లెక్క తెలుసు. బ్యాంకుల శిక్షణ కళాశాలల్లో ఆ లెక్క ఒక్క గంటసేపైనా చెబుతున్నారా?

2. "సరే సార్." నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వేల సార్లు విన్న మాట ఇది. పల్లెలో పెద్ద కుర్చీలో కూర్చున్నవాడు ఏదైనా చెబితే, అర్థం కాకపోయినా సరే అంటారు. మళ్ళీ అడిగితే తమకేం తెలియదని అనుకుంటారేమోనన్న సిగ్గు, పెద్దాయన్ను విసిగించకూడదన్న గౌరవం. తల కూడా ఊపుతారు. మా వాళ్ళు ఔననడానికి తల కాస్త పక్కకు ఊపితే, కొత్తగా వచ్చినాయన కాదంటున్నారనుకుంటాడు. కాదనలేక మొహమాటానికి ఊపితే ఔనంటున్నారనుకుంటాడు. అలా ఔనన్నారనుకుని ఎన్ని కాగితాల మీద వేలిముద్రలు పడ్డాయో మీ రికార్డు గదుల్లోనే ఉన్నాయి.

3. సంతకం పెట్టే కాగితం. బంగారం కుదవ పెట్టే ఆడవాళ్ళలో చాలామంది ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో చదవలేరు. చదవగలిగినవారికి అది ఇంగ్లీషులో ఉంటుంది. వేలం నోటీసు కూడా ఇంగ్లీషే. రిజిస్టరు పోస్టులో వచ్చిన కవరు కాలేజీ పిల్లలు సెలవులకు వచ్చేదాకా దేవుడి పటం వెనక ఉండిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. బంగారం, వెండి తాకట్టు రుణాల మీద రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల్లో ఈ విషయం స్పష్టంగా ఉంది. ముఖ్యమైన షరతులన్నీ ఆ ప్రాంతపు భాషలోనో, రుణగ్రహీత కోరిన భాషలోనో తెలియజేయాలి. చదువురానివారికైతే బ్యాంకు ఉద్యోగి కాని సాక్షి ఎదుట వివరించాలి. 2026 ఏప్రిల్ 1 లోగా అమల్లోకి తేవాలని గడువు కూడా పెట్టింది. కాగితాన్ని తెలుగులో అచ్చేయించడం తేలికే. సాక్షి ఎదుట వివరించేది ఎవరు? ఏ భాషలో?

4. ఇరవై రూపాయలు. ప్రమాద బీమా అయిన ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20, జీవిత బీమా అయిన జీవన్ జ్యోతికి 436 రూపాయలు ఖాతాలోంచి పోతాయి. ఆ మినహాయింపు చూసి, డబ్బెందుకు పోయిందని అడగడానికి వచ్చేవారే ఎక్కువ. మా పక్క ఊళ్ళో ఒక కూలీ ట్రాక్టరు బోల్తాపడి చనిపోయాడు. ఏడాదిపాటు అతని భార్యకు రెండు లక్షల బీమా ఉందన్న సంగతే తెలియదు. పాస్‌బుక్కులో నామినీ పేరు దిద్దించడానికని నా దగ్గరికొస్తే, ఎంట్రీల్లో ఆ 20 రూపాయలు కనిపించింది. అప్పటికి పిల్లను చదువు మాన్పించేసింది. ఖాతా మూయించడానికి ఆమె అంతకుముందు రెండుసార్లు బ్రాంచీకి పోయిందట. భర్త ఎలా చనిపోయాడని అడిగే భాష అవతల లేదు, చెప్పే ధైర్యం ఇవతల లేదు.

5. నలుగురి ముందు. ఆఫీసరుకు తెలుగు రాకపోతే అటెండరో, స్వీపరో, ఆ పూట లైనులో నిలబడ్డ డిగ్రీ పిల్లాడో మధ్యలో తర్జుమా చేస్తాడు. ఖాతాలో ఎంతుందో, ఎందుకు తీస్తోందో, ఎవరికి ఎంత బాకీ ఉందో అందరి ముందూ బయటపడుతుంది. కూతురి పెళ్ళికి దాచుకున్న డబ్బు సంగతి సాయంత్రానికల్లా అన్నదమ్ముల చెవిన పడి, తగాదా అయిన ఇల్లు ఒకటి నేను చూశాను. గేటు బయట ఫారాలు నింపేవారు ఉంటారు. యాభై, వంద తీసుకుంటారు. ఆఫీసరుతో నేను మాట్లాడతానని లోను మంజూరుకు ఇంకా ఎక్కువ అడుగుతారు. భాష తెలియని చోట దళారీ పుడతాడు. వాణ్ణి మీ బ్రాంచే పోషిస్తోంది.

6. మోసగాళ్ళ ఫోన్లు. ఓటీపీ చెప్పమని ఫోన్ చేసేవాడు చక్కటి తెలుగులో మాట్లాడతాడు. అమ్మా అంటాడు, పెద్దయ్యా అంటాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు పంపే హెచ్చరిక ఇంగ్లీషులో వస్తుంది. డబ్బు పోయాక వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలన్న సంగతి తెలిసినవారు మా ఊళ్ళో ఇద్దరో ముగ్గురో. మిగతావారు మర్నాడు బ్రాంచీ తెరిచేదాకా ఆగుతారు. అప్పటికి డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోయి ఉంటుంది.

7. పిలుపు. దీన్ని చిన్నదనుకోకండి. తోటి కుర్రాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకున్న ఒక ఆఫీసరు డెబ్భై ఏళ్ళ ముసలాయన్ను "ఏయ్, నువ్వు ఇటు రా" అన్నాడు. తిట్టాలని కాదు, ఆయనకు నేర్పిన తెలుగే అది. ఆ పెద్దాయన మళ్ళీ బ్యాంకుకు పోలేదు. పింఛను డబ్బు మనవడితో ఏటీఎంలో తీయించుకుంటున్నాడు, ఎంత తీస్తున్నాడో ఆయనకు తెలియదు. మరోవైపు, మా సీమలో "ఏమప్పా, నా పని చేసి పెట్టప్పా" అంటే ప్రేమగా అడగడం. ఆ "అప్పా"ను అమర్యాదగా తీసుకుని కసురుకున్నవారున్నారు.

మీరివ్వబోయే జవాబు నాకు తెలుసు. క్లర్కులకు స్థానిక భాషా పరీక్ష ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. డబ్బు కట్టడానికీ తీయడానికీ వచ్చినవారికి ఆ క్లర్కు అక్కరకొస్తాడు. కానీ లోను ఇచ్చేది, తిరగరాసేది (రెన్యువల్ చేసేది), గడువు చెప్పేది, నోటీసు మీద సంతకం పెట్టేది ఆఫీసరు. అఖిల భారత స్థాయిలో ఎంపికై ఎక్కడికైనా వెళ్ళాల్సిన ప్రొబేషనరీ ఆఫీసర్లకు అలాంటి పరీక్ష లేదు. మా చిన్నప్పుడు పల్లె బ్రాంచీ అంటే 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకో, హైదరాబాదు ప్రధాన కార్యాలయంగా ఉన్న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదో (ఎస్‌బీహెచ్). ఎస్‌బీహెచ్ 2017లో, ఆంధ్రా బ్యాంకు 2020లో పెద్ద బ్యాంకుల్లో కలిశాయి. ఆ విలీనాలు సరైనవా కావా అన్నది ఇక్కడ నా వాదన కాదు. మన భాష తెలిసిన ఆఫీసర్ల దండు దేశమంతటి కేడర్లో కలిసిపోయిందన్నది మాత్రం కంటికి కనిపిస్తోంది. కొన్ని బ్యాంకులు ఈమధ్య స్థానిక భాష వచ్చినవారిని లోకల్ బ్యాంక్ ఆఫీసర్లుగా తీసుకుంటున్నాయి. ఆ దారి మంచిది, కానీ బ్రాంచీల అవసరానికి అది సరిపోదు. కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు 2025 నవంబరులో ముంబయిలో బ్యాంకర్ల సదస్సులోనే చెప్పారు, బ్రాంచీలో పనిచేసేవారు స్థానిక భాషలో మాట్లాడాలని, పనితీరు లెక్కలో దాన్నీ చూడాలని. మంత్రిగారి మాట విన్నవారు మీరే. మా బ్రాంచీ దాకా అది ఇంకా రాలేదు.

నేర్చుకోవడం అసాధ్యమనకండి. నన్నే చూడండి. ఆఫీసరుగా ప్రమోషనొచ్చి విదర్భలో ఒక పత్తి ఊరికి పోయినప్పుడు నాకు మరాఠీలో ఒక్క ముక్క రాదు. మా మేనేజరు గట్టిమనిషి. మొదటి నెలన్నర నాకు లోన్ల కుర్చీ ఇవ్వలేదు. ఫీల్డు ఆఫీసరుతో రోజూ ఊళ్ళు తిరగమన్నాడు. వాళ్ళు నూటిని శేకడా అంటారని, వాయిదాను హప్తా అంటారని, తాకట్టును తారణ్ అంటారని పొలం గట్ల మీద నేర్చుకున్నాను. వడ్డీ వ్యాపారి లెక్క అక్కడా నెలకే. వయసు మళ్ళిన ఆడవాళ్ళను మావశీ అని, పెద్దవాళ్ళను కాకా అని పిలవడం నేర్పింది బ్రాంచీ ప్యూను. నా మరాఠీ ఏనాడూ అందంగా లేదు. కానీ నా చేతిమీదుగా అప్పు తీసుకున్న ఒక్క రైతు కూడా గడువు తేదీ తెలియక నష్టపోలేదు. ఆ నెలన్నర నాకు దొరికింది ఒక మేనేజరు మంచితనం వల్ల. బ్యాంకు ఏర్పాటు వల్ల కాదు. ఇన్నేళ్ళు గడిచినా అది అలాగే ఉంది.

అందుకే ఈ కింది వాటిని కోరుతున్నాను. ఇవన్నీ తెలుగు రాష్ట్రాలకే కాదు, తెలుగు పిల్లలు ఆఫీసర్లై బిహార్‌కో గుజరాత్‌కో ఒడిశాకో పోయినప్పుడూ వర్తించాలి. అక్కడి రైతు నష్టం కూడా నష్టమే.

1. గ్రామీణ, చిన్న పట్టణ బ్రాంచీలో లోన్ల బాధ్యత ఇచ్చే ముందు ప్రతి ఆఫీసరుకు ఆ రాష్ట్ర భాషలో ఎనిమిది వారాల శిక్షణ ఇవ్వండి. అందులో సగం ఊళ్ళలో జరగాలి. ఆరు నెలల తర్వాత పరీక్ష పెట్టండి. రాత పరీక్ష వద్దు. ఒక రైతును ఎదురుగా కూర్చోబెట్టి పంట రుణం షరతులు చెప్పించండి. రైతుకు అర్థమైతే పాసైనట్టు.

2. హిందీలో ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలు పాసైనవారికి ప్రోత్సాహకాలిచ్చే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. పనిచేసే చోటి భాష నేర్చుకున్న ఆఫీసరుకూ అలాంటి ప్రోత్సాహకమే ఇవ్వండి. డైరీ రాసుకుని కష్టపడుతున్న ఆ అబ్బాయి లాంటివారికి గుర్తింపు దొరకాలి. భాష పట్టుబడే సమయానికి బదిలీ చేయకండి. కనీసం మూడేళ్ళు అదే భాషా ప్రాంతంలో ఉంచండి.

3. శిక్షణలో పుస్తకాల తెలుగు వద్దు. కుదవ, విడిపించడం, తిరగరాయడం, కంతు, అసలు, చేబదులు, మీ తెలంగాణ బ్రాంచీల్లో మిత్తి, కిస్తీ. ఈ మాటలు ఫోన్లో తర్జుమా చేసే యాప్‌లకు సరిగ్గా దొరకవు. మా "బుడ్డల లోను" సంగతి అడిగితే యాప్ ఏం చెప్పిందో ఆ అబ్బాయే నాకు చూపించాడు, దానికీ పంటకూ సంబంధమే లేదు. వడ్డీని "నూటికి నెలకు" లెక్కలో చెప్పడం మొదటి పాఠం కావాలి. జిల్లాకొక మాటల పట్టిక తయారుచేయండి. మా జిల్లాకు నేను రాసిపెట్టుకున్నవి మూడు వందలకు పైగా ఉన్నాయి, ఉచితంగా ఇస్తాను.

4. ప్రతి రుణానికీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక్క పేజీ చీటీ ఇవ్వండి. ఎంత తీసుకున్నారు, ఏ తేదీ లోపల కట్టాలి, ఆ రోజు దాటితే ఎన్ని రూపాయలు పోతాయి, వడ్డీ ఏడాదికి ఎంత, నూటికి నెలకు ఎంత. ఇంతకు మించి అందులో ఏమీ వద్దు. లక్షన్నర లోనుకు "జూన్ 17 దాటితే 4,500 పోతుంది" అని రాసి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

5. సంతకమో వేలిముద్రో తీసుకునే ముందు, చెప్పిన విషయాన్ని ఖాతాదారు చేత తన మాటల్లో తిరిగి చెప్పించండి. "నేనేం చెప్పానో ఒకసారి చెప్పమ్మా" అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. "సరే సార్"ను అంగీకారంగా తీసుకోవడం మానండి. ఆఫీసరుకు ఇంకా భాష రాకపోతే, తెలుగు వచ్చిన ఉద్యోగి పక్కనుండి, తన పేరు కూడా ఆ కాగితం మీద రాయాలి. అటెండరు చేత, లైనులో ఉన్నవారి చేత తర్జుమా చేయించడం పూర్తిగా ఆపాలి.

6. ఎస్ఎంఎస్, నోటీసు, వేలం ప్రకటన, మోసాల హెచ్చరిక, అన్నీ ఖాతాదారు కోరిన భాషలో పంపండి. ఖాతా తెరిచే ఫారంలో భాష గడి పెట్టండి. పాత ఖాతాలకు కేవైసీ కోసం పిలిచినప్పుడు అడిగి నింపుకోండి.

7. తెలుగులో రాసిన ఫిర్యాదుకు తెలుగులోనే జవాబివ్వండి. 30 రోజుల్లో బ్యాంకు నుంచి జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్ళొచ్చని, 14448కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చని క్యాష్ కౌంటరు పక్కనే, కంటికి ఆనేలా బోర్డు పెట్టండి. ఇప్పుడది ఉన్న బ్రాంచీల్లో కూడా మేనేజరు గది తలుపు వెనక ఉంటోంది.

8. మీ ఉద్యోగి చెప్పిన తప్పు మాట వల్ల గడువు దాటినట్టు తేలితే, పోయిన రాయితీని బ్యాంకు భరించాలి. రిజర్వు బ్యాంకు 2014లో ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలో ఫిర్యాదు పరిష్కారం, నష్టపరిహారం కూడా హక్కుగానే ఉన్నాయి. మా వీధి ఆమెకు రావాల్సిన 4,500 ఇప్పటికీ రాలేదు. నేను రాసిన మూడు ఉత్తరాల్లో రెండు దాని కోసమే.

వీటిలో 4, 5, 7కు బడ్జెట్ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. వచ్చే ఖరీఫ్ రుణాల నాటికి అవి జరగాలి. మిగతావాటికి ఆరు నెలలు తీసుకోండి, కానీ ఎవరు, ఏ తేదీకి చేస్తారో రాసి ప్రకటించండి.

ఆ అబ్బాయి ఇంకా మా బ్రాంచీలోనే ఉన్నాడు. ఆదివారాలు మా ఇంటికొస్తున్నాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ళతో మాట్లాడుతూ నేర్చుకుంటున్నాడు. ఆమె కూడా వస్తుంది. ఆమె లోను తిరగరాసినప్పుడు కొత్త గడువు తేదీని తెలుగులో తానే రాసిచ్చాడు, "లోపల" అన్న మాట కింద రెండు గీతలు గీసి. ఆమె దాన్ని తలుపు వెనక అన్నం మెతుకులతో అంటించుకుంది.

ఈ లేఖకు జవాబు తెలుగులో పంపండి. అరుగు మీద అందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు మేనేజరు,
అనంతపురం జిల్లా